జేబులోని ఉల్లిపాయ

ఈ సంగతి వ్రాయమని మా పాస్టరమ్మగారు చాలా కాలంగా అడుగుతున్నారు. ప్రతి వేసవిలోనూ వ్రాద్దామనుకోవడం, నాలుగు చినుకులు పడగానే మరచిపోవడం. ఇందులో మేము చేసిన ఘనకార్యమేమీ లేదు. తలదించుకోవలసిన సంగతులే ఎక్కువ. అందుకే చెయ్యి సాగలేదేమో కూడా.

మాది దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున చిన్న ఊరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరు దాటితే అడవే. మా ఆయన కొంత సొంతము, కొంత కౌలు కలిపి మిర్చి వేస్తారు. నేను అంగన్‌వాడీ టీచరును. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

2019లో దేవుని దయ వల్ల మాకు కాపు బాగా వచ్చింది. ఖమ్మం మార్కెట్టులో అమ్మి, అప్పులు తీర్చగా చేతిలో కొంత మిగిలింది. పిల్లలకు రెండేళ్లుగా ఇచ్చిన మాట ఒకటి ఉండిపోయింది. హైదరాబాదు చూపిస్తామన్నాము. పెద్దమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. వాళ్ల తరగతిలో ముగ్గురు చార్మినారు చూసి వచ్చారట, ఇది మాత్రం పుస్తకంలో బొమ్మ చూసి పరీక్షలో వ్రాసింది. చిన్నోడికి ఆరేళ్లు. వాడికి చార్మినారుతో పని లేదు, పులిని చూడాలి. అడవి పక్కన పుట్టినవాడు పులిని చూడడానికి పట్నం పోవలసి వచ్చిందని మా ఆయన నవ్వేవారు.

మరి మే నెలలోనే ఎందుకు వెళ్లారని మీరు అడుగవచ్చు. కలిగినవారు వేసవిలో చల్లని ఊళ్లకు వెళతారు. మన బోటి వ్యవసాయదారులకు తీరిక దొరికేది ఎండల్లోనే. బడి సెలవులు అప్పుడే, మిర్చి కల్లాలు ఖాళీ అయ్యేది అప్పుడే. జూను వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే మళ్లీ సంక్రాంతి దాకా నడుము ఎత్తే పని ఉండదు.

మా అత్తమ్మకు ఈ ప్రయాణము మొదటి నుండి ఇష్టము లేదు. ఆమె నలభై ఏళ్ల పాటు తునికాకు కోసిన మనిషి. మన వైపు తునికాకు పని ఎలా జరుగుతుందో చాలామందికి తెలిసినదే. ఏప్రిల్ చివర మొదలై మే నెలలో ముగుస్తుంది, అంటే సరిగ్గా మండే ఎండల్లో చేసే పని. కాని ఆ ఎండలో ఎవరూ చెయ్యరు. తెల్లవారుజామున నాలుగింటికే చద్దన్నమో జావో తాగి, సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకొని అడవికి పోతారు. పొద్దెక్కేసరికి ఆకు మూట నెత్తిన పెట్టుకొని ఇంటికి చేరుతారు. ఇక చెట్టు కింద కూర్చుని యాభై ఆకులు ఒక కట్ట చొప్పున కట్టలు కట్టుకోవడమే. ఎండ తగ్గాక కల్లానికి తీసుకుపోతారు. చదువురాని మా అత్తమ్మకు ఎండతో ఎలా మెలగాలో తెలుసు. "పన్నెండింటికి పాము కూడా పుట్టలోంచి బయటికి రాదు, మీరు పిల్లల్ని వేసుకొని పట్నం రోడ్ల మీద తిరుగుతారా?" అన్నది.

"నీడలోనే తిరుగుతాము అత్తమ్మా, అక్కడ అన్నీ ఏసీలే" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. బయలుదేరే సాయంకాలము ఒక చిన్న ఎర్ర ఉల్లిపాయ తెచ్చి చిన్నోడి చొక్కా జేబులో పెట్టింది. వడదెబ్బ తగలకుండా మన పెద్దలు అలా పెడతారు గదా. ప్రార్థన చేసుకొని బయలుదేరాము.

మా వైపుకు కొత్తగా వచ్చేవారు తప్పక మోసపోయే సంగతి ఒకటి ఉంది. రైలు స్టేషను పేరు భద్రాచలం రోడ్డు, అది ఉండేది కొత్తగూడెంలో. భద్రాచలానికి అది నలభై కిలోమీటర్లు, మధ్యలో గోదావరి. పేరు చూసి దిగి, గుడి ఎక్కడని అడిగేవారిని ఎందరినో చూశాను. అక్కడ మణుగూరు నుండి వచ్చే రాత్రి బండి ఎక్కాము. డోర్నకల్‌లో బండి ఆగినప్పుడు నాకు మెలకువ వచ్చింది. 1912లో బిషప్పు అయిన అజరయ్యగారు అక్కడ కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజము మీద కూర్చోబెట్టుకొని ఆ స్తంభాలు చూపించాడు. చీకట్లో ఏమీ కనబడలేదు. పిల్లలను లేపుదామనుకొని, పడుకోనిమ్మని ఊరుకున్నాను.

తెల్లవారేసరికి సికింద్రాబాదు. మా మరిది అక్కడ ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఆ పైన ఇంకేమీ లేదు, స్లాబే. తోడికోడలు ఎంతో ప్రేమగా చూసుకుంది. దిగగానే మజ్జిగ ఇచ్చింది. ఆమె గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి వ్రాయలేను.

ఆ శనివారము ఎంత చక్కగా గడిచిందో చెప్పాలి. మెట్రో రైలు ఎక్కాము. 2017 నవంబరులో మొదలైన ఆ రైలును మేము చూడడము అదే మొదలు. చిన్నోడు కిటికీకి ముక్కు ఆనించి, "నాన్నా, చలేస్తోంది" అన్నాడు. మే నెలలో ఆ మాట విని మేమందరమూ నవ్వాము. అమీర్‌పేటలో బండి మారి, బస్‌స్టాండు దగ్గర దిగి, మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాము. ఒక్క కుటుంబము పోగుచేసిన వస్తువులు అన్ని గదుల నిండా ఉంటాయంటే నమ్మశక్యము కాదు. మూడవ సాలార్‌జంగ్‌గారు పెళ్లి చేసుకోలేదట. ఇల్లాలు లేదు గనుక ఇల్లంతా సామాను నింపగలిగారు అని మా తోడికోడలు మెల్లగా అన్నది.

అక్కడ ముసుగు వేసుకొన్న రిబ్కా విగ్రహము ఉంది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోము నగరానికి వెళ్లినప్పుడు కొన్నది, బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కినది. అంతా ఒకటే పాలరాయి, అయినా ముఖము మీద పలుచని గుడ్డ కప్పినట్టే ఉంటుంది. ముసుగు వెనుక ముక్కు, పెదవులు తెలుస్తుంటాయి. పెద్దమ్మాయి చాలాసేపు చూసి, "అమ్మా, ఒంటెలకు నీళ్లు తోడిన రిబ్కాయేనా?" అన్నది. అవునన్నాను. "పది ఒంటెలు గదా, ఎన్ని కుండలు తోడి ఉంటుంది?" అన్నది. సండే స్కూలులో నేనే ఎన్నోసార్లు ఆ కథ చెప్పాను. ఎప్పుడూ లెక్క వెయ్యలేదు. ఒంటె దాహంతో ఉంటే కడివెడు నీళ్లతో దానికి ఏమవుతుంది?

పన్నెండింటికి అందరూ ఒక పెద్ద గడియారము ముందు చేరారు. గంటగంటకూ అందులోనుంచి ఒక చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండయితే పన్నెండు దెబ్బలు, అందుకే ఆ రద్దీ. చిన్నోడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని లెక్కపెట్టాడు. సాయంత్రము ఎండ వాలాక చార్మినారు దగ్గరికి నడిచాము. అవి రంజాన్ రోజులు. చీకటి పడుతుంటే వీధి వీధంతా దీపాలు వెలిగాయి. హలీము బట్టీల చుట్టూ జనము. పెద్దమ్మాయికి గాజులు కొన్నాము. ఆ రోజు మిట్టమధ్యాహ్నము నీడలో ఉన్నాము, బయట తిరిగింది సాయంత్రము. తెలిసి చేసింది కాదు, అలా కుదిరింది. కాని "చూశారా, అత్తమ్మ ఊరికే భయపడింది" అని నేనే అన్నాను.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మన ఊళ్లో పగలు ఎంత మండినా రాత్రి మూడోజాముకు చల్లగాలి వస్తుంది. వేపచెట్టు కింద మంచము వేసుకుంటే దుప్పటి కావాలనిపిస్తుంది. పట్నంలో అలా కాదు. పగలంతా తాగిన వేడిని ఆ సిమెంటు గోడలు, తారు రోడ్లు రాత్రంతా బయటికి విడుస్తాయి. స్లాబు మీద చెయ్యి పెడితే పదకొండు గంటలకు కూడా రొట్టెల పెనములా ఉంది. ఫ్యాను తిరిగితే ఆ వేడిగాలే ముఖాన కొట్టింది. పిల్లలు దొర్లి దొర్లి మూడింటికి కన్ను మూశారు. ఒంటికి రాత్రి చల్లదనము దొరకకపోతే మరునాటి ఎండను అది తట్టుకోలేదని తరువాత డాక్టరుగారు చెప్పారు. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు.

ఆదివారము పొద్దున్నే మొదటి ఆరాధనకు వెళ్లి, అటు నుండి ఎనిమిదిన్నరకల్లా జూపార్కుకు వెళ్లాలని అనుకున్నాము. అందరమూ ఎనిమిదింటికి లేచాము. "ఇవాళ నేరుగా జూకు పోదాము, ఎండ ముదరకముందే చూసి వచ్చేస్తే సాయంత్రము ఎక్కడైనా ఆరాధన ఉంటుంది" అన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ఆదివారము ఉదయము మందిరము మానుకొని జంతువులను చూడబోతామా అన్నాను. సోమవారము జూ సెలవు, సోమవారము రాత్రికే మా బండి. ఇక మిగిలింది ఆదివారము మధ్యాహ్నమే. ఈ విషయము మీద నాలో నేను చాలా వాదించుకున్నాను. ఆరాధనకు వెళ్లడము తప్పు కాదు. జూ చూడకుండా ఇంటికి పోదామనే మాట నా నోట రాకపోవడమే తప్పు. చిన్నోడు పులి పులి అని ఏడుస్తాడని భయపడ్డాను.

మందిరానికని చిన్నోడికి కొత్త బట్టలు వేశాను. మందపు జీన్సు ప్యాంటు, మెరిసే పాలిస్టరు చొక్కా, మెడకు ఒక చిన్న బో. చొక్కా మార్చేటప్పుడు పాత జేబులోని ఉల్లిపాయను తీసి వంటగది గట్టు మీద పెట్టాను. మందిరంలో వాసన వస్తుందని. ఆరాధన అయ్యేసరికి పన్నెండు దాటింది. ఇంటికి పోయి బట్టలు మార్చుకుంటే ఆలస్యమవుతుందని అటు నుండే 7జెడ్ బస్సు ఎక్కాము. తోడికోడలు కట్టి ఇచ్చిన పులిహోర తిన్నాము. జూ గేటు ముందు దిగేసరికి ఒంటిగంటన్నర. మా దగ్గర ఉన్నది రెండు లీటరు సీసాలు, ఒకటి అప్పటికే ఖాళీ.

1963లో తెరిచిన ఆ జూపార్కు మూడు వందల ఎనభై ఎకరాలు. చెట్లు చాలా ఉన్నాయి గాని, ఒక జంతువు దగ్గర నుండి ఇంకో జంతువు దగ్గరికి నడిచే దారి ఎండలోనే. జంతువులకు మాత్రము మంచి ఏర్పాట్లు చేశారు. పైన పచ్చని పరదాలు కట్టారు, నీళ్లు చిమ్మే గొట్టాలు పెట్టారు. కోతులకు పుచ్చకాయ ముక్కలు వేస్తున్నారు. వాటి ఎండను చూసుకోవడానికి మనుషులున్నారు. పిల్లల ఎండను చూసుకోవలసిన వాళ్లము మేము. పులి ఎక్కడో పొద చాటున పడుకొని ఉంది, తోక చివర మాత్రమే కనబడింది. "నాన్నా, పులిని లేపు" అన్నాడు చిన్నోడు. అది లేచేదాకా ఉందామని పట్టుబట్టాడు. అక్కడే పావుగంట ఎండలో నిలబడ్డాము.

ఏనుగుల వైపు నడుస్తుండగా వాడు వెనకబడ్డాడు. కాళ్లు లాగుతున్నాయన్నాడు. మగపిల్లవాడివి, నడువు అన్నారు మా ఆయన. తల నొప్పి అన్నాడు. ఇంకాసేపటికి పులిహోరంతా కక్కుకున్నాడు. బస్సు పడలేదేమోనన్నాను. అంగన్‌వాడీలో వడదెబ్బ చార్టు గోడకు అంటించి, ప్రతి ఏప్రిల్‌లో తల్లులను కూర్చోబెట్టి, తలనొప్పి, వాంతి, నీరసము ఇవి మొదటి గుర్తులమ్మా అని వేలు పెట్టి చూపించేదాన్ని నేను. నా కొడుకు ఆ చార్టులో ఉన్నట్టే ఒక్కొక్కటి చేసి చూపిస్తుంటే నాకు తట్టలేదు.

వాడు ఒక్కసారిగా రోడ్డు మీద కూలబడ్డాడు. ముట్టుకుంటే పొయ్యి మీది కుండలా కాలుతున్నాడు. ముఖము ఎర్రగా కందిపోయింది. అంతకుముందు ధారగా కారిన చెమట లేదు, చర్మము పొడిగా ఉంది. నా వైపు చూశాడు గాని నన్ను చూడలేదు. "నానమ్మా, మేకపిల్లకు నీళ్లు పెట్టావా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినబడుతుంది.

మా ఆయన కూల్‌డ్రింకు కోసము పరుగెత్తారు. సీసాలో మిగిలిన నీళ్లు వాడి నోట్లో పోయబోయాను. అప్పుడు పక్క చెట్టు కింద మనవలతో కూర్చున్న ఒక ముసలామె బురఖా ఎత్తి పట్టుకొని గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "నక్కో, నక్కో! మూమే నక్కో" అన్నది. నోట్లో వద్దని అర్థమయింది. వాడిని రెండు చేతులతో ఎత్తి నీడలోకి తీసుకుపోయి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. బో తీసేసింది, చొక్కా గుండీలు తెంపేసింది, ఆ మందపు ప్యాంటు లాగేసింది. తన మనవలవి రెండు నీళ్ల సీసాలుంటే రెండూ వాడి మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పోసింది. నెత్తి మీది ఓణీ తడిపి వాడి ఒళ్లంతా కప్పి, "పంఖా, పంఖా" అని పెద్దమ్మాయికి సైగ చేసింది. అది జూ టిక్కెట్లతో ఇచ్చిన అట్టతో ఏడుస్తూ విసిరింది. ఎవరో కుళాయి దగ్గర నుండి బకెట్టుతో నీళ్లు తెచ్చారు. ఆమె చేతులు ఆగలేదు. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆమె ఉపవాసంలో ఉంది. అన్ని నీళ్లు ఆమె చేతుల మీదుగా పోతున్నా ఒక్క చుక్క నోట వేసుకోలేదు.

108కి ఫోను చెయ్యాలని మాకు తట్టలేదు. ఆ రోజు మా ఇద్దరి బుద్ధీ ఎక్కడ పోయిందో! ఒక ఆటో అబ్బాయి గేటు దగ్గరకు బండి తెచ్చాడు. ఆమె తడి ఓణీ వాడి ఒంటి మీదే ఉంచేసి, నిండిన సీసా నా చేతిలో పెట్టి, దారంతా తడుపుతూ ఉండమని చేతులతో చూపించింది. పేరు అడుగలేదు. థాంక్స్ అని కూడా అన్నట్టు గుర్తు లేదు.

దగ్గరలోని ఒక ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. అప్పటికి జ్వరము నూట మూడు. "దారిలో తడుపుతూ వచ్చారా? ఎవరు చెప్పారు?" అని అడిగారు డాక్టరమ్మగారు. చెప్పాను. "ఆమె చేసిందే అసలు వైద్యము, మేము చేసేది మిగతాది" అన్నారు. సెలైను పెట్టారు. ఒంటి వేడి నూట నాలుగు దాటి, పిల్లవాడు పిచ్చి మాటలు మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బేనట. మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ స్థితిలో ముందుగా చెయ్యవలసింది ఒళ్లు చల్లార్చడమే. తెలివిలో లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరము మాత్ర కూడా ఈ వేడిని దించదు. ఇది లోపలి జబ్బు వల్ల వచ్చిన జ్వరము కాదు గనుక. ఇంకొక మాట కూడా ఆమె చెప్పారు. పిల్లల ఒళ్లు పెద్దలకంటే త్వరగా వేడెక్కుతుంది, చెమట తక్కువ పడుతుంది, ఆటల్లో పడి దాహమని అడుగరు. అడిగితే ఇద్దామని కూర్చోకూడదు, మనమే గంటకోసారి తాగించాలి.

మా ఆయన గోడకు తల ఆనించుకొని నిలబడ్డారు. మగపిల్లవాడివి నడువు అన్నాను గదా, అని ఒక్కటే మాట. నేను మాట్లాడలేకపోయాను. నా దగ్గరా అలాంటి మాటలు తక్కువ లేవు. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు మా సెంటరులో ఆ వార్త నేనే చదివి వినిపించాను. ఎక్కువమంది కూలికి పోక తప్పని వాళ్లు, ముసలివాళ్లు. తప్పించుకోగలిగి కూడా పిల్లవాడిని తీసుకొనిపోయి ఎండలో నిలబెట్టినదాన్ని నేను.

ఆరు గంటలు దాటాక వాడు కళ్లు తెరిచాడు. "అమ్మా" అన్నాడు. ఈసారి నన్ను చూసే అన్నాడు. నర్సమ్మ చెంచాతో ఓఆర్ఎస్ పట్టించమన్నది. రెండు చెంచాలు తాగాక, "పులి లేచిందా?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరమూ రెండూ చేశాము. ఇంతలో బయట సైరను మోగింది, వెంటనే నాలుగు వైపుల నుండి ఆజా వినబడింది. పక్క మంచము దగ్గరున్న వాళ్లు ఖర్జూరాలు తీసి మాకూ రెండు ఇచ్చారు. ఆమె ఇప్పుడు మంచినీళ్లు తాగుతూ ఉంటుందని అనుకున్నాను. ఆ ఓణీ మంచము పట్టెకు ఆరేసి ఉంది. నీలిరంగుది, అంచున చిన్న తెల్ల పూలు.

సోమవారము సాయంత్రానికి ఇంటికి పంపారు. బిల్లు కట్టాక మిర్చి డబ్బులో బండి ఛార్జీలకు మించి మిగిలింది లేదు. దాని గురించి మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ మాట ఎత్తలేదు. వంటగది గట్టు మీద ఉల్లిపాయ అలాగే ఉంది. డాక్టరమ్మగారిని ఉల్లిపాయ గురించి అడిగాను కూడా. "జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు గాని, అది పెట్టాలని గుర్తున్న నానమ్మ నీళ్లు తాగించడము కూడా మరచిపోదు" అన్నారు. ఇంటికి వచ్చాక అత్తమ్మకు అంతా చెప్పాను, ఏమీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని జావ తాగిస్తూ, "ఆ తురకామె కడుపు చల్లగా ఉండాలి" అన్నది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పేరు తెలియని ఆ మనిషి కోసము ప్రార్థించింది. ఇప్పటికీ ప్రార్థిస్తుంది.

తల్లులారా, మీకు చెప్పవలసినవి రెండు మూడున్నాయి, చెప్పి ముగిస్తాను. ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో ఊరకే ఇస్తారు. ఒక ప్యాకెట్టుకు ఒక లీటరు నీళ్లు. అర లీటరులో కలిపితే చిక్కగా ఉంటుందని కొందరు కలుపుతారు, అది తప్పు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఇది తెలివిలో ఉన్న పిల్లవాడికి మాత్రమే. పెళ్లికో పండుగకో కొన్న బిగుతు పాలిస్టరు బట్టలు మే నెల ప్రయాణములో వెయ్యకండి. పాత నూలు చొక్కాతో మందిరానికి వస్తే దేవుడేమీ అనడు. మా సంఘములో 2020, 2021 వేసవుల్లో కరోనా వల్ల వి.బి.ఎస్. జరుగలేదు. 2022లో మళ్లీ పెట్టినప్పుడు తొమ్మిది నుండి పన్నెండున్నర దాకా అని పాత పద్ధతిలోనే వ్రాశారు. నేను కమిటీలో లేచి ఈ కథ చెప్పాను. ఇప్పుడు ఉదయము ఆరున్నరకు మొదలై తొమ్మిదింటికల్లా అయిపోతుంది. పిల్లలు పొద్దున్నే లేవరని కొందరు సణిగారు గాని, తునికాకు ఇళ్ల పిల్లలు అందరికంటే ముందే వచ్చి కూర్చుంటున్నారు.

2023 సంక్రాంతి సెలవుల్లో మళ్లీ హైదరాబాదు వెళ్లాము. ఆ ఏడు మిర్చి కోతలు కాస్త ఆలస్యమై నాలుగు రోజులు తీరిక దొరికింది. ఉతికి మడత పెట్టిన నీలం ఓణీ సంచిలో పెట్టుకున్నాను. ఇన్నేళ్ల తరువాత ఆమె అక్కడే కూర్చుని ఉంటుందనుకోవడము వెర్రితనమని తెలుసు. అయినా ఆ చెట్టు దగ్గర ఆగి, మనవలతో వచ్చిన ప్రతి పెద్దామె ముఖము వైపు చూశాను. చల్లని గాలి వీస్తోంది. పెద్దమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది, అదీ చూస్తోంది. ఇంతలో చిన్నోడు పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకొని లాగాడు.

"అమ్మా, తొందరగా రా! పులి లేచింది."